రెక్క కింది రంగు

సిద్దిపేట,
ఏప్రిల్ 11

ప్రేమ్‌రాజ్ గారికి,

నమస్తే. నా పేరు సూర్యప్రభ. ఇక్కడి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మీ దుకాణానికి మూడుసార్లు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అందుకని ఈ ఉత్తరాన్ని పార్సిల్ పెట్టెలోనే పెడుతున్నాను.

పెట్టెలో ఉన్నవి ఒక విమానం రెక్క, తోక. కంగారు పడకండి, చిన్న విమానమే, కానీ నిజంగా ఎగురుతుంది. కింద నిలబడి రిమోట్‌తో నడుపుతాం. తేలికైన కట్టెతో చట్రం చేసి, దాని మీద పల్చటి మెరుపు పొర తొడిగి, తయారుగా పెట్టెలో పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్లు రెక్కలు బిగించి మోటారు పెట్టుకుంటే చాలు. ఉప్పుగూడలో మహేందర్ అనే ఆయన ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే నేను కొన్నాను. రెక్క మీది అక్షరాలు మీ దగ్గరే కోయించాడట. యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ప్రేమ్‌రాజ్ రేడియం దుకాణం అంటే ఎవరైనా చూపిస్తారన్నాడు.

ఎండలకు ఆ పొర ముడతలు పడింది. తోక దగ్గర అంచులు లేచి చినిగింది కూడా. బండ్లకు స్టిక్కర్లు వేసే చెయ్యి కదా, మీకు దారి తెలుస్తుందని ఆశ.

ఆదివారాలు మేం ఐదారుగురం కలిసి ఎగరేస్తుంటాం. అందరూ దీని కోసమే చూస్తున్నారు. వీలైనంత త్వరగా చేసి పంపగలరు.

సూర్యప్రభ


యాకుత్‌పురా, హైదరాబాద్,
ఏప్రిల్ 19

సూర్యప్రభ మేడంగారికి ప్రేమ్‌రాజ్ నమస్కారం.

ఫోన్ ఎత్తనందుకు ఏమనుకోవద్దు. దుకాణంలో ఒక పక్క కటింగ్ మెషిన్ చప్పుడు, ఇంకో పక్క దోస్తుల లొల్లి. ఫోన్ మోగుడు నాకు వినబడదు. నాది బటన్ల ఫోన్, మెసేజీలు గిట్ల కుదరవు. ఏమున్నా ఇట్లా చిట్టీ పెట్టండి, నాకూ సరదా.

ఇరవై ఏళ్లలో ఆటోలకు వేసిన, బుల్లెట్లకు వేసిన, ఒకసారి పెళ్లి గుర్రపుబండికి కూడా వేసిన. విమానానికి వేయడం ఇదే మొదలు! మా గల్లీలో అందరికీ చూపించిన. అంజన్ అని మా దోస్తు ఉన్నాడు, పెట్టెలోకి తొంగిచూసి "ఏంది ప్రేమన్నా, ఎయిర్‌పోర్టోళ్లు గూడ నీ దగ్గర్కే వస్తున్నరా?" అన్నాడు.

పని సంగతి. రెక్కకు వేడిగాలి మెషిన్ చూపిస్తే ముడతలు చాలావరకు పోయినయి. తోక మీది పొర మాత్రం పనికిరాదు. అది పీకేసి, నా దగ్గరున్నవాటిలో అన్నింటికన్నా గట్టి రేడియం, ఎర్రది, రెండు వరసలు వేసిన. లారీ గుద్దినా చినగదు. ఫికర్ చేయకుండా ఎగరేయండి.

మీ
ప్రేమ్‌రాజ్


సిద్దిపేట,
మే 2

ప్రేమ్‌రాజ్ గారికి,

విమానం కూలిపోయింది.

నేల విడిచిన వెంటనే ముక్కు పైకెత్తింది. ఎంత దించినా దిగలేదు. అట్లాగే నిట్టనిలువుగా లేచి, ఊపు చచ్చిపోయి, తలకిందులుగా పడింది. ముక్కు నుజ్జయింది. ఇంటికి తెచ్చి తోకను కాలేజీ ల్యాబ్ త్రాసులో తూచాను. మీరు వేసిన రేడియం ఒక్కటే నలభై రెండు గ్రాములు.

నలభై రెండు గ్రాములు ఏమంత అనుకుంటారు. కానీ విమానానికి తోక చివర ఒక గ్రాము వేస్తే ముక్కు దగ్గర మూడు గ్రాములు వేయాలి, అప్పుడు గానీ తూగదు. పొర అందం కోసం కాదు, ప్రేమ్‌రాజ్ గారూ. బరువు లేకుండా గాలిని పట్టుకోవడం కోసం. బిగించకముందే చేత్తో ఎత్తి చూడకపోవడం నా తప్పు. పాఠం చెప్పేదాన్ని, నాకు తెలిసి ఉండాల్సింది. అయినా కోపం ఆగక రాస్తున్నాను.

సూర్యప్రభ


యాకుత్‌పురా,
మే 9

మేడంగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. తప్పు నాదే. గట్టిగా ఉంటే మంచిదనుకున్నా. నా పని అంతా రోడ్డు మీద తిరిగేవాటితో, వాటికి బరువు లెక్కలేదు.

తోక వెనక్కి పంపండి. అసలు పొర ఎట్లాంటిదో, ఎట్లా వేయాలో రాయండి. నేర్చుకుంటా. చేసి చూపిస్తా. ఈసారి జోకులు రాయను.

ప్రేమ్‌రాజ్


సిద్దిపేట,
మే 21

ప్రేమ్‌రాజ్ గారికి,

తోక పంపుతున్నాను. ముక్కు నేనే అతికించుకున్నాను.

తయారు విమానాల మీద రెండు రకాల పొరలు వస్తాయి. ఒకటి స్టిక్కర్ లాంటిది, వెనక బంక ఉంటుంది. ముడత పడితే అంతే సంగతులు. ఇస్త్రీపెట్టె ఆనితే మెలికలు తిరిగిపోతుంది. రెండోదాని వెనక ఆరిన జిగురు ఉంటుంది. తక్కువ వేడికి ఆ జిగురు కట్టెకు అంటుకుంటుంది. ఆ పైన ఇంకాస్త వేడి చూపిస్తే పొరే ముడుచుకుని డప్పు తోలులా బిగుస్తుంది. ఎక్కువైతే చిల్లు పడుతుంది. నాది రెండో రకం. సికింద్రాబాద్‌లో బొమ్మ విమానాల సామాన్లు అమ్మే దుకాణాల్లో చుట్టగా దొరుకుతుంది.

ఇస్త్రీపెట్టెకు పాత బనియన్ గుడ్డ కట్టండి, గీతలు పడవు. ముందు అంచులు, తర్వాతే మధ్య.

జోకులు మానేయమని నేను అనలేదు. కాలేజీలో ఇప్పుడు సెలవులు. ఇంటికి వచ్చే కాగితాల్లో కరెంటు బిల్లు తర్వాత మీ ఉత్తరమే.

సూర్యప్రభ


యాకుత్‌పురా,
జూన్ 16

మేడంగారికి నమస్కారం.

తోక అయింది! పెట్టెలో పెట్టిన. ముందు ఉత్తరం చదివి తర్వాత విప్పండి.

మొదటి ముక్క కాల్చిన. రెండోది బుడగలొచ్చింది. మూడోదానికి చిల్లు. చెయ్యి ఎక్కడ ఆపాలో అర్థం కాలేదు. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే సత్తార్ భాయ్ ఉన్నాడు, నా బోర్డే వాళ్ల దుకాణానికి ఉంది. పోయి ఒక పూటంతా పక్కన కూర్చున్నా. లక్క కరగాలి, కానీ కారొద్దు. ఆయన నిప్పు వైపు చూడడు, లక్క మెరుపునే చూస్తాడు. "ఆంచ్ కమ్ రఖో మియా, హాత్ రోకో నక్కో" అన్నాడు. సెగ తగ్గించు, చెయ్యి ఆపకు అని. అంతే, నాలుగో ముక్క కుదిరింది. పొర బిగిసేటప్పుడు మెరుపు మారుతుంది మేడమ్, మీరు గమనించారా? ముడతలు చూస్తూ చూస్తూ మాయమవుతుంటే, ఎవరో లోపలి నుంచి ఊపిరి పీల్చినట్టుంది.

బంగారం దుకాణంలో తూకం వేయించిన. పాత పొర కన్నా రెండు గ్రాములు తక్కువే. సేటు అడిగాడు, "ఇది ఎన్ని క్యారెట్లు?" అని.

ఇదొక్క జోకు.

ప్రేమ్‌రాజ్


సిద్దిపేట,
జూలై 8

ప్రేమ్‌రాజ్ గారికి,

ఎగిరింది! పదకొండు నిమిషాలు!

ముస్తాబాద్ రోడ్డులో ఒక వెంచర్ ఉంది. ప్లాట్లు అమ్ముడుపోక అట్లాగే వదిలేశారు. హద్దురాళ్లు, గడ్డి, మధ్యలో ఎవరూ నడవని రోడ్లు. ఆ రోడ్డే మా రన్‌వే. మీ తోక గీత గీసినట్టు తిన్నగా పోయింది. దిగేటప్పుడు మావాళ్లంతా చప్పట్లు కొట్టారు. తోక ఎవరు చేశారని అడిగారు, మీ పేరు చెప్పాను.

ఇరవై మూడేళ్లుగా బోర్డు మీద విమానం బొమ్మ గీసి, పైకి ఒక బాణం, కిందికి ఒక బాణం వేస్తున్నాను. రెండేళ్ల కిందటి వరకు దేన్నీ ఎగరేసి చూడలేదు. ఇప్పుడు ఆ పై బాణం గీసేటప్పుడు చేతికి ఏదో తెలుస్తోంది.

మీ దగ్గర బోనాలు వస్తున్నాయి కదా. ఎట్లా జరుగుతాయో రాయండి. నేనెప్పుడూ పాతబస్తీ బోనాలు చూడలేదు.

సూర్యప్రభ


యాకుత్‌పురా,
జూలై 30

మేడంగారికి,

బోనాలు అయిపోయినయి. ఇంకా వీధిలో వేపాకు, పసుపునీళ్ల వాసన పోలేదు. మా గల్లీ మైక్ ఇరవై రెండేళ్లుగా నాది. ఎవరి బోనం వస్తుంటే వాళ్ల ఇంటిపేరుతో పిలుస్తా. "పాలోళ్ల కొమురమ్మ బోనం వస్తున్నది, జరుగుండ్రి జరుగుండ్రి, తల్లికి తొవ్వ ఇడువుండ్రి!" అంటే ఉప్పుగూడ దాకా వినబడేది. ఆమెకు డెబ్భై ఏళ్లు. నా గొంతు వింటేనే అడుగు పడుతుందంటుంది. మైక్ వదలనివాడికి పిల్లనెవరిస్తారని మా అమ్మ తిట్టేది. నిజంగానే ఎవరూ ఇవ్వలేదు!

ఈ ఏడు కూడా మస్తు జోరుగా అయింది. గొంతు పోయేలా అరిచిన.

ప్రేమ్‌రాజ్


సిద్దిపేట,
ఆగస్టు 22

ప్రేమ్‌రాజ్ గారికి,

సోమవారం పరీక్ష పేపర్ల పని మీద హైదరాబాద్ వచ్చాను. వానలకు విమానం పొర మొత్తం బుడగలు లేచింది. మీకే స్వయంగా ఇద్దామని, మిమ్మల్ని చూద్దామని పెట్టె మోసుకుని యాకుత్‌పురా వచ్చాను. దుకాణంలో మెడకు రుమాలు కట్టుకున్న ఒకాయన కూర్చుని నంబర్ ప్లేట్ కోస్తున్నారు. మెషిన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. "ప్రేమ్‌రాజ్ గారున్నారా? నేను సిద్దిపేట నుంచి వచ్చిన సూర్యప్రభను" అన్నాను. ఆయన మెషిన్ ఆపి నన్ను చూసి, స్లేటు తీసుకుని రాసి చూపించారు. "ప్రేమ్‌రాజ్ లేడు. ఊరికి పోయిండు."

నాలుగు నెలలుగా ఆ చేతిరాత చదువుతున్నాను. తలకట్టును చివర పైకి లేపి రాసేవారు నాకు ఒక్కరే తెలుసు.

పెట్టె అక్కడే పెట్టి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. నేను ఏదైనా తప్పు చేశానా? చూడగానే మాట్లాడాలనిపించలేదా? కారణం ఏదైనా సరే, రాయండి. లేకపోతే విమానం తిప్పి పంపేయండి.

సూర్యప్రభ


యాకుత్‌పురా,
ఆగస్టు 29

మేడమ్,

ఆ స్లేటు పట్టుకున్నది నేనే.

రెండేళ్ల కింద గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి గొంతుపెట్టె మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ కింద రంధ్రం ఉంది, ఊపిరి అక్కడి నుంచే. రుమాలు అందుకే. ఫోన్ ఎత్తనిదీ అందుకే.

మొదట్లో దోస్తులు రోజూ వచ్చారు. నేను స్లేటు మీద రాసేలోపు వాళ్ల మాట ఇంకో దిక్కు పోయేది. రాసింది చూపించేసరికి నవ్వు అయిపోయేది. ఆలస్యమైన జోకు జోకు కాదు మేడమ్. మెల్లగా రాక తగ్గించారు. అంజన్ ఒక్కడు ఈ ఎండాకాలం దాకా వచ్చాడు. ఒకరోజు "నువ్వు గట్ల సూస్తుంటె నాకే పరేషాన్ అయితుంది ప్రేమన్నా" అని లేచిపోయాడు. మళ్లీ రాలేదు. వాళ్ల తప్పేమీ లేదు. నంబర్ ప్లేట్లకు మాట అవసరం లేదు, నంబరు కాగితం మీద రాసిస్తారు. కొన్ని రోజులు ఎవరి ముఖమూ చూడకుండానే గడిచిపోతాయి.

బోనాల మైక్ ఇప్పుడు అంజన్‌ది. ఆ రోజు నేను షట్టర్ దించుకుని లోపల కూర్చున్నా. కొమురమ్మ బోనం వచ్చినప్పుడు ఆమె పేరు వాడు మరిచిపోయాడు. లోపల నా నోరు ఆడింది.

మీకు ఉత్తరం రాస్తుంటే నేను పాత ప్రేమ్‌రాజ్‌నే. మీరు ఎదురుగా వచ్చి ప్రేమ్‌రాజ్ గారున్నారా అంటే, ఆ మనిషి నిజంగా లేడనిపించింది. అందుకే లేడని రాసిన.

విమానం నా దగ్గరే ఉంది. తిప్పి పంపమంటే పంపుతా.

ప్రేమ్‌రాజ్


సిద్దిపేట,
సెప్టెంబర్ 7

ప్రేమ్‌రాజన్నా,

పంపొద్దు. మొత్తం పొర తీసి కొత్తది తొడగండి. తొందర లేదు.

మీ ఉత్తరం చదివాను. ఒకటి మాత్రం చెప్పగలను. నాకు తెలిసిన ప్రేమ్‌రాజ్ ఉత్తరాల్లోవాడే. ఆయన గొంతు నేను ఎప్పుడూ వినలేదు, కాబట్టి నాకు ఏదీ పోలేదు.

సూర్యప్రభ


యాకుత్‌పురా,
నవంబర్ 13

సూర్యప్రభమ్మా,

ఆదివారం జరిగింది నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మీకు ఎదురుగా రాయలేక పారిపోయి వచ్చిన. ఇప్పుడు రాస్తున్నా.

పొర పని పూర్తయ్యాక పార్సిల్ వేయబుద్ధి కాలేదు. నేనే తీసుకొచ్చి, మీ ఐదారుగురి మధ్య నిలబడి, అది ఎగురుతుంటే చూడాలనిపించింది. చెప్తే ధైర్యం పోతుందని చెప్పకుండా పొద్దున బస్సెక్కిన. వెంచర్ దగ్గర ఆటో దిగితే, అంత పెద్ద జాగాలో మీరు ఒక్కరే ఉన్నారు. థర్మాకోల్ లాంటి ఫోమ్‌తో చేసిన ఒక చిన్న విమానం, రిమోట్ పట్టుకుని. నన్ను చూసి "అన్నా!" అని పరుగెత్తుకొచ్చారు. మిగతావాళ్లు ఏరి అని స్లేటు మీద అడిగితే, ఈ రోజు ఎవరికీ కుదరలేదన్నారు.

నేను తెచ్చిన విమానం రెండు చుట్లు ఎంత బాగా తిరిగింది! నేను వేసిన పొర మీద ఎండ జారుతుంటే, ఆపరేషన్ తర్వాత నాకు అంత సంతోషం ఎప్పుడూ కాలేదు. మూడో చుట్టులో తెల్ల మబ్బు కిందికి పోయి ఆ తెలుపులో కలిసిపోయింది. మీరు అటు పోతోందనుకుని అటే తిప్పుతున్నారు. బాగా కనబడాలని దూరంగా పక్కకు జరిగిన నాకు తెలుస్తూనే ఉంది, అది మన వైపు తిరిగి కిందికి వస్తోంది. అరవాలని నోరు తెరిచిన. అందులోంచి గాలి కూడా రాదు కదా. చేతులు ఊపుకుంటూ మీ వైపు రెండడుగులు వేసిన. మీ కళ్లు ఆకాశంలో ఉన్నాయి. హద్దురాయికి తగిలిన చప్పుడు విన్నాకే మీరు నన్ను చూశారు.

ఒక్క మాట. "ఇటు" అన్న ఒక్క మాట చాలు. ఉప్పుగూడ దాకా వినిపించిన గొంతు. నలభై అడుగుల దూరంలో ఉన్న మీకు వినిపించలేకపోయిన.

ముక్కలు ఏరి నా సంచిలో వేసుకున్నా. మీరు ఏదో చెబుతూనే ఉన్నారు, నేను వినలేదు. మన్నించండి.

ప్రేమ్‌రాజ్


సిద్దిపేట,
నవంబర్ 21

అన్నా,

మీరు వినలేదు కాబట్టి మళ్లీ రాస్తున్నాను.

లెక్క వేశాను. అది మన వైపు తిరిగేసరికే ముప్పై అడుగుల ఎత్తులోకి దిగిపోయింది. మీరు అరిచి, నేను విని, నా వేలు కదిలేలోపు నేల తగిలేది. ఎంత పెద్ద గొంతైనా ఆ పని జరిగేది కాదు. ఇది ఓదార్పు కాదు. కాగితం మీద చేసిన లెక్క, కావాలంటే పంపుతాను. విమానం పైనా తెలుపే, కిందా తెలుపే. మబ్బు తెలుపు. వీపు ఏదో కడుపు ఏదో నాకు తెలియలేదు, అంతే.

ఇంకొకటి రాయాలి. ఐదారుగురు లేరు. ఎప్పుడూ లేరు. మొదట్లో కాలేజీలో ఇద్దరిని పిలిచాను. ఈ వయసులో ఇదేం సరదా మేడం అని నవ్వారు. ఆ తర్వాత ఎవరినీ పిలవలేదు. మీకు మొదటి ఉత్తరం రాసేటప్పుడు, ఒంటరి ఆడమనిషి బొమ్మ విమానం పంపిందని నవ్వుకుంటారేమోనని ఐదారుగురిని కల్పించాను. జూలైలో చప్పట్లు కొట్టింది ఎవరూ లేరు. విమానం దిగాక చాలాసేపు రోడ్డు మీదే కూర్చున్నాను, ఎవరికి చెప్పాలో తెలియక. ఇంటికి వెళ్లి మీకు రాశాను.

ఆదివారం మీరు ఆటో దిగుతుంటే దొరికిపోయానని సిగ్గేసింది. అయినా ఆ రెండు చుట్లు నా పక్కన ఒక మనిషి తల పైకెత్తి చూస్తున్నాడు. నేను ఎగరేస్తున్నది ఇంకొకరు చూడటం నాకు అదే మొదటిసారి.

చెల్లె
సూర్యప్రభ


యాకుత్‌పురా,
డిసెంబర్ 18

చెల్లె,

పెట్టెలో విమానం ఉంది. చట్రం ముక్కలన్నీ అతికించిన. తూకం చూసిన, తొమ్మిది గ్రాములు పెరిగింది, అది జిగురు. ముక్కు వైపే ఎక్కువ, కాబట్టి ఫికర్ లేదు.

రెక్కను తిప్పి చూడు. పైన తెలుపే ఉంచిన. కింద పసుపు, దాని మీద బెత్తెడు వెడల్పు నల్ల పట్టీలు. కుడి రెక్క కొసకు మాత్రం ఎరుపు. రేడియం కాదు, అన్నీ ఆ సన్న పొరే. ఒకదాని మీద ఒకటి వేయలేదు, బరువు పెరగకుండా అంచుకు అంచు అతికించిన. పదిహేను రోజులు పట్టింది. పసుపు కనబడితే కడుపు నీ వైపు. తెలుపు కనబడితే వీపు. ఎరుపు ఏ పక్కన ఉందో చూస్తే వస్తోందో పోతోందో తెలుస్తుంది. మబ్బున్నా, ఎండున్నా, పక్కన ఎవరున్నా లేకున్నా తెలుస్తుంది.

నేను ఇప్పుడే రాలేను. మెడ పక్కన చిన్న గట్టితనం చేతికి తగిలింది. పెద్ద డాక్టరు జనవరి తొమ్మిదిన రమ్మన్నారు, మళ్లీ పరీక్షలు చేస్తారట. పోయినసారి నేను స్లేటు మీద రాస్తుంటే ఆయన పూర్తిగా చదవకుండానే తలూపి వరసలో ఉన్న పక్క మనిషిని పిలిచాడు. అడగాలనుకున్నవి అడగలేదు. ఈసారి ఇంట్లోనే అన్నీ రాసుకుని పోతా.

నువ్వు ఆగకు. ఎగరేసి, ఏ రంగు కనబడిందో రాయి.

అన్న
ప్రేమ్‌రాజ్


సిద్దిపేట,
డిసెంబర్ 29

అన్నా,

ఈ రోజు పొద్దున ఎగరేశాను. మబ్బు పట్టి ఉంది. ఎవరూ లేరు. రోడ్డు చివర రెండు గొర్రెలు, అంతే. మూడో చుట్టులో అదే చోట, అట్లాంటి మబ్బు కిందే, మళ్లీ నాకు వెనకా ముందూ తెలియకుండా పోయింది. అంతలో ఒక పక్కకు ఒరిగింది, పసుపు కనబడింది. ఎరుపు ఎడమ పక్కన ఉంది, అంటే నా వైపే వస్తోంది. ఎదురు తిప్పాను. లేచింది. ఎనిమిది నిమిషాల తర్వాత చక్రాల మీదే దిగింది.

ఈసారి రోడ్డు మీద కూర్చోలేదు. కాలేజీకి రెండు రోజులు సెలవు పెట్టాను, ఎనిమిది, తొమ్మిది తారీకులకు. ఎనిమిదిన సాయంత్రం బస్సుకు వస్తున్నాను. అడగాల్సినవన్నీ రాసి ఉంచండి, ఎంత పొడుగున్నా సరే. పాఠాలు చెప్పే గొంతు నాది. ఆ డాక్టరు చివరి అక్షరం దాకా వినేవరకు పైకి చదువుతాను. పక్క మనిషిని పిలవనివ్వను.

ఫోన్ చేయను. యాకుత్‌పురా స్టేషన్ దగ్గర దిగి నడిచి వస్తాను. షట్టర్ దించొద్దు.

సూర్యప్రభ